డిగ్రీలు కాదు, కోన్ చూడండి

(సిరామిక్స్ పని నేర్చుకుంటున్నవారి కోసం ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వెళ్తాను. ఇద్దరు పనివాళ్లు ఉన్నారనుకోండి. ఒకే మట్టి, ఒకే గ్లేజ్ (కుండ మీద గాజులా కరిగే పూత), ఒకే రకం కరెంటు బట్టీ. మీటరు 1222 డిగ్రీలు చూపించగానే ఇద్దరూ బట్టీ ఆపేశారు. చల్లారాక తెరిచి చూస్తే ఒకరి కప్పుల మీద గ్లేజ్ నున్నగా పరుచుకుని మెరుస్తోంది. రెండోవారి కప్పులు మసకగా ఉన్నాయి. నీళ్లు పోసి బల్ల మీద ఉంచితే కాసేపటికి అడుగున చెమ్మ కనిపిస్తోంది. మీటర్లు రెండూ మంచివే, రెండూ నిజమే చెప్పాయి. మరి తేడా ఎక్కడొచ్చింది?

తేడా వేగంలో వచ్చింది. మొదటివారు చివరి వంద డిగ్రీలూ గంటకు 60 డిగ్రీల చొప్పున ఎక్కించారు. రెండోవారు గంటకు 150 చొప్పున ఎక్కించారు. చేరిన చోటు ఒకటే, కానీ మట్టికి దొరికిన సమయం ఒకటి కాదు. మీటరుకు డిగ్రీలు తెలుస్తాయి. మట్టికి ఎంత సమయం దొరికిందో దానికి తెలియదు. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఇదే. మట్టికి నిజంగా ఏం జరిగిందో చెప్పేది కోన్ ఒక్కటే. కోన్ అంటే బట్టీలో కుండల పక్కన నిలబెట్టే చిన్న మొనదేలిన ముక్క, సరిపడా కాలగానే అది వంగుతుంది. బట్టీని తనంతట తానే నడిపే కంట్రోలర్ ఎంత ఖరీదైనది ఉన్నా సరే, కోన్ పెట్టకుండా బట్టీ వెలిగించకండి.

అసలు లోపల ఏం జరుగుతోంది? అది అర్థమైతే మిగతాదంతా సులువు. మన మట్టిలో చైనా క్లే అనే తెల్లమట్టి ఉంటుంది, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాలు ఉంటాయి. వేడి పెరిగే కొద్దీ ముందు ఫెల్డ్‌స్పార్ మెత్తబడి గాజులా మారడం మొదలవుతుంది. ఆ గాజు మెల్లగా పక్కనున్న క్వార్ట్జ్ రేణువుల్ని తనలో కరిగించుకుంటుంది. మట్టి రేణువుల మధ్య ఉన్న ఖాళీల్లోకి పాకి వాటిని పూడుస్తుంది. ఇదంతా ఒక్క క్షణంలో జరగదండి. తేనె కంటే ఎన్నో రెట్లు చిక్కగా ఉండే గాజు అది, పాకడానికి టైం కావాలి. కొంచెం తక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచినా, కొంచెం ఎక్కువ వేడిలో తక్కువసేపు ఉంచినా దాదాపు ఒకే ఫలితం వస్తుంది. వేడీ సమయమూ కలిసి చేసే ఈ పనినే మనవాళ్లు హీట్ వర్క్ అంటారు.

కొన్ని అంకెలు చెబుతాను, రాసుకోండి. నేను చెప్పేవన్నీ సెల్సియస్ డిగ్రీలు, ఆర్టన్ అనే అమెరికా కంపెనీ చేసే పెద్ద కోన్‌లకి సంబంధించినవి. 6 నంబర్ కోన్ తీసుకోండి. చివరి వంద డిగ్రీలు గంటకు 15 చొప్పున మెల్లగా ఎక్కిస్తే అది 1185 దగ్గర వంగుతుంది. గంటకు 60 చొప్పున అయితే 1222 దగ్గర. గంటకు 150 చొప్పున అయితే 1243 దగ్గర. ఒకే కోన్! 1185కీ 1243కీ మధ్య 58 డిగ్రీల తేడా. ఇప్పుడు ఎవరైనా వచ్చి "6 కోన్ అంటే ఎన్ని డిగ్రీలు?" అని అడిగితే మీరేం చెబుతారు? "ఎంత వేగంతో?" అని తిరిగి అడగాలి. అది అడగకుండా ఒక్క అంకె చెప్పేస్తే సగమే చెప్పినట్టు.

సరే, కోన్ అంటే ఏంటి? ఇదిగో, వెనక కూర్చున్నవారికి కూడా కనిపిస్తోందా? మూడు పలకలుగా, సన్నగా, పైకి మొనదేలి ఉంది. ఒక పక్క నంబర్ కొట్టి ఉంటుంది. దేనితో చేశారనుకుంటున్నారు? మన గ్లేజ్‌లో, మన మట్టిలో ఏవి ఉంటాయో వాటితోనే. ఫెల్డ్‌స్పార్, చైనా క్లే, క్వార్ట్జ్, సున్నపురాయి. తక్కువ వేడిలో వంగాల్సిన వాటిలో బోరాన్ ఉన్న ఫ్రిట్లు (ముందే కరిగించి పొడి చేసిన గాజు) కూడా కలుపుతారు. ఏ నంబర్‌కి ఏది ఎంత అనే పాళ్లు చాలా జాగ్రత్తగా కొలిచి పెడతారు. అంటే కోన్ బయటినుంచి తెచ్చి పెట్టిన కొలబద్ద కాదు, మన కుండకి దగ్గరి చుట్టం. కుండ లోపల జరిగేదే దాని లోపలా జరుగుతుంది. గాజు పుడుతుంది, మెత్తబడుతుంది, సొంత బరువుకి కొన కిందికి వాలుతుంది. మంచుగడ్డలా ఒక డిగ్రీ దగ్గర టక్కున కరగదు. మెత్తబడి, మెత్తబడి వంగుతుంది. అందుకే దానికి సమయం కూడా లెక్కలోకి వస్తుంది.

దీనికి ముందు ఏం చేసేవారు? మంట రంగు చూసేవారు. చీకటి ఎరుపు, ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు. అనుభవం ఉన్నవారి కన్ను చాలా గొప్పది, నేను కాదనను. కానీ అదే రంగు ఎండలో ఒకలా, రాత్రి ఒకలా కనిపిస్తుంది. కన్ను అలసిపోతుంది కూడా. పైగా రంగు చెప్పేది కూడా ఆ క్షణంలో ఉన్న వేడినే, ఎంతసేపటినుంచి ఉందో చెప్పదు. కట్టెల బట్టీలు కాల్చేవారు ఇంకో మంచి పద్ధతి కనిపెట్టారు. మట్టితో చిన్న ఉంగరాలు చేసి గ్లేజ్ పూసి లోపల పెట్టి, మధ్యమధ్యలో ఇనుప కొక్కెంతో ఒక్కొక్కటి బయటికి లాగి చూస్తారు. ఇప్పటికీ చాలామంది చేస్తారు. అందులో ఉన్న ఆలోచన చూడండి. మట్టి సంగతి మట్టినే అడుగుతున్నారు.

ఆ ఆలోచనకి కొలత తెచ్చే ప్రయత్నం 1782లో జరిగింది. ఇంగ్లండ్‌లో జొసయా వెడ్జ్‌వుడ్ అనే కుండల తయారీదారు చిన్న మట్టి ముక్కల్ని బట్టీలో పెట్టి, అవి ఎంత కుంచించుకుపోయాయో కొలిచి దాన్నిబట్టి వేడిని లెక్కగట్టే సాధనం తయారుచేసి రాయల్ సొసైటీ ముందు పెట్టాడు. ఆయన వేసిన డిగ్రీలు నిజం కంటే చాలా ఎక్కువగా వచ్చాయి. అది వేరే సంగతి. ఒకే మట్టితో, ఒకే పద్ధతిలో చేసిన ముక్క ఒక కాల్పుకీ ఇంకో కాల్పుకీ తేడా చెప్పగలదని ఆయన చూపించాడు. మన పనికి కావాల్సింది అదే కదా?

తర్వాత వందేళ్లకు, 1886లో, బెర్లిన్‌లో హెర్మన్ సేగర్ అనే రసాయన శాస్త్రవేత్త కోన్‌ల వరుసని ప్రకటించాడు. అక్కడి రాజ పింగాణీ కర్మాగారానికి చెందిన పరిశోధనశాలలో పనిచేసేవాడాయన. గ్లేజ్ లెక్కలు వేసేటప్పుడు మనం వాడే సేగర్ ఫార్ములా కూడా ఆయనదే. గ్లేజ్‌లో ఏ ఆక్సైడ్ ఎంత ఉంటే ఎలా కరుగుతుందో అంత లోతుగా తెలిసిన మనిషి కాబట్టే, మెట్లు మెట్లుగా కరిగే కోన్‌ల వరుస తయారుచేయగలిగాడు. అమెరికాలో ఎడ్వర్డ్ ఆర్టన్ జూనియర్ 1896లో తన కోన్‌లు చేయడం మొదలుపెట్టాడు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో సిరామిక్ ఇంజనీరింగ్ చదువుకి పునాది వేసింది కూడా ఆయనే. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. సేగర్ కోన్, ఆర్టన్ కోన్ రెండిట్లోనూ నంబర్లు ఒకేలా కనిపిస్తాయి, కానీ ఒకే నంబర్ ఉన్నంత మాత్రాన రెండూ ఒకే చోట వంగవు. ఏదో ఒకటే వాడండి. పుస్తకంలో గ్లేజ్ చూసినప్పుడు అది ఏ కోన్ గురించి చెబుతోందో కూడా చూసుకోండి.

ఇప్పుడు కొన్ని కోన్‌ల నంబర్ ముందు ఉండే సున్నా సంగతి. ఇది కొత్తవారిని చాలా కంగారు పెడుతుంది. మొదటి వరుస 1తో మొదలైంది. తర్వాత ఇంకా తక్కువ వేడికి కోన్‌లు కావాల్సి వచ్చాయి. ఒకటికి కింద నంబర్ ఎక్కడుంది? అందుకని ముందు సున్నా పెట్టి 01, 02, 03 అంటూ కిందికి లెక్కపెట్టారు. కాబట్టి సున్నా ఉన్నవాటిలో నంబర్ పెరిగే కొద్దీ వేడి తగ్గుతుంది. అన్నిటికంటే కింద 022, అది 590 డిగ్రీల దరిదాపుల్లో వంగుతుంది. పైకి వస్తే 01, ఆ తర్వాత 1, 2, 3 అలా 42 దాకా పోతుంది. సున్నాని మైనస్ గుర్తు అనుకోండి, ఇక తికమక ఉండదు.

06కీ 6కీ తేడా ఎంతో తెలుసా? గంటకు 60 డిగ్రీల వేగంలో 06 వంగేది 998 దగ్గర, 6 వంగేది 1222 దగ్గర. 224 డిగ్రీలు! తక్కువ వేడికి చేసిన ఎర్ర మట్టిని ఎవరైనా "ఆరు" అని విని 6 దాకా కాల్చారనుకోండి. కుండలు ఉబ్బుతాయి, కూలుతాయి, కరిగి, కుండలు పేర్చే అరల పలకలకి అతుక్కుపోతాయి. కుండలు పోవడమే కాదు, పలకలూ పోతాయి. అందుకే నోటితో చెప్పేటప్పుడు సున్నాని మింగేయకండి. "సున్నా ఆరు" అని పూర్తిగా అనండి. డబ్బా మీద, చీటీ మీద, పుస్తకంలో అన్నిచోట్లా సున్నా రాయండి. ఒకే బట్టీని నలుగురు వాడే చోట ఇది మరీ ముఖ్యం.

ఏ పనికి ఏ కోన్? త్వరగా చెప్పేస్తాను. బంగారు పూత, లస్టర్ (లోహపు మెరుపునిచ్చే పూత) లాంటివి అన్నిటికంటే కింద, 022 నుంచి 018 వరకు. బిస్క్ కాల్పు, అంటే గ్లేజ్ వేయకముందు చేసే మొదటి కాల్పు, సాధారణంగా 06 నుంచి 04. తక్కువ వేడి గ్లేజ్‌లు కూడా అక్కడే. స్టోన్‌వేర్ (రాయిలా గట్టిపడే పాత్రలు) మధ్య రకం 5, 6. ఎక్కువ వేడి స్టోన్‌వేర్, పింగాణీ 9, 10. ఆ పైనవి మన కుండలకి కాదు. బట్టీలు కట్టే అగ్ని ఇటుకలు ఎంత తట్టుకుంటాయో పరీక్షించడానికి వాడతారు. ఆ ఇటుక మట్టితోనే ఒక కోన్ చేసి, నంబర్ ఉన్న కోన్‌ల పక్కన పెట్టి, ఏ కోన్‌తో పాటు వంగిందో చూసి ఆ నంబర్ ఇస్తారు.

ఒక నంబర్‌కీ పక్క నంబర్‌కీ మధ్య దూరం సమానంగా ఉంటుందనుకుంటున్నారా? ఉండదు. గంటకు 60 వేగంలో 5 కోన్ 1186, 6 కోన్ 1222. మధ్య 36 డిగ్రీలు. అదే 7 కోన్ 1239, 8 కోన్ 1249. మధ్య పదే డిగ్రీలు! కాబట్టి "ఒక కోన్ ఎక్కువైంది" అంటే ఎంత ఎక్కువైనట్టు? ఎక్కడ ఎక్కువైందో చూడాలి. 5 దగ్గర ఆపాల్సింది 6 దాకా పోవడం వేరు, 7 దగ్గర ఆపాల్సింది 8 దాకా పోవడం వేరు.

ఇప్పుడు బట్టీ దగ్గరికి వెళ్దాం. ఒక్క కోన్ పెడితే చాలదా అని అడుగుతారు. చాలదు. మూడు పెట్టండి. మీరు 6 దాకా కాల్చాలనుకుంటే 5, 6, 7 వరుసగా నిలబెట్టండి. మొదట 5 వంగుతుంది. అది హెచ్చరిక. దగ్గరికొచ్చాం, ఇక బట్టీ దగ్గర్నుంచి కదలొద్దు అని చెబుతుంది. 6 వంగి దాని కొన పీఠం (కోన్‌లు గుచ్చి నిలబెట్టే మట్టి దిమ్మ) మట్టానికి వచ్చిందంటే మీరు అనుకున్న చోటికి వచ్చినట్టు. 7 కాపలా కోన్, అది నిలబడే ఉండాలి. కొన కొంచెం వాలితే కంగారు లేదు, ఎందుకంటే 6కీ 7కీ దూరం తక్కువ. కానీ 7 కూడా పూర్తిగా వాలిపోయిందంటే ఎక్కువ కాల్చేశారు.

ఒక్క కోనే పెట్టారనుకోండి. తెరిచి చూస్తే అది కరిగి ముద్దయి ఉంది. ఎంత ఎక్కువైంది? పది డిగ్రీలా, యాభై డిగ్రీలా? ఆ ముద్ద చెప్పలేదు. అలాగే అది నిటారుగానే ఉండిపోతే ఎంత తక్కువైందో కూడా తెలియదు. మూడు ఉంటే ఎటు తప్పినా ఎంత తప్పిందో తెలుస్తుంది. వచ్చేసారి ఏం చేయాలో దానిలోంచే తేలుతుంది.

నిలబెట్టడంలో ఒక క్రమం ఉంది. పెద్ద కోన్ నిట్టనిలువుగా ఉండకూడదు, 8 డిగ్రీలు ఒక పక్కకి వాలి ఉండాలి. పీఠం పైన సుమారు 5 సెంటీమీటర్ల ఎత్తు కనిపించాలి. ఎందుకింత పట్టింపు? కోన్ వంగేది సొంత బరువుకే కదా. నిటారుగా పెడితే ఆలస్యంగా వంగుతుంది. మరీ వాల్చి పెడితే తొందరగా వంగుతుంది. పీఠంలోకి లోతుగా గుచ్చితే పైన మిగిలింది పొట్టిదై, బరువు చాలక ఆలస్యం చేస్తుంది. ఒక్కోసారి ఒక్కోలా పెట్టి, కోన్‌లు నమ్మదగ్గవి కాదని అనడం న్యాయం కాదు. ఇదంతా ఇబ్బంది అనుకునేవారికి తనంతట తానే నిలబడే కోన్‌లు దొరుకుతాయి. వాటి అడుగులోనే ఆ వాలు ఉంటుంది. నేనైతే కొత్తవారికి అవే వాడమంటాను.

పీఠం మీరే చేసుకుంటే గ్రాగ్ (కాల్చి దంచిన మట్టి రవ్వ) ఎక్కువ కలిపిన మట్టి తీసుకోండి, ముందుగానే చేసి బాగా ఆరనివ్వండి. అప్పటికప్పుడు పచ్చి మట్టిలో గుచ్చి బట్టీలో పెడితే ఏమవుతుంది? లోపలి తేమ ఆవిరై పీఠం పగులుతుంది, ఆ ముక్కలు పోయి పక్కనున్న గ్లేజ్‌లకి అంటుకుంటాయి. మూడు కోన్‌లూ ఒకే వైపు వాలేలా పెట్టండి, ముందు వంగేది వంగని దాని మీద పడకుండా చూసుకోండి. కింద ఏదైనా పాత పలక ముక్క వేయండి. కోన్ కరిగి కారితే మంచి అర పలక పాడవుతుంది.

ఎక్కడ పెట్టాలి? చూసే కన్నానికి ఎదురుగా పెడతాం, కానీ కన్నానికి మరీ ఆనించకండి. మూత తీసినప్పుడల్లా అక్కడ చల్లగాలి తగులుతుంది. వేడెక్కే కరెంటు తీగచుట్ట (కాయిల్) పక్కనే వద్దు, మంట నేరుగా తగిలే చోట వద్దు. కుండలు ఎక్కడున్నాయో అక్కడి సంగతి కావాలి మనకి. ఇంకో మాట, కన్నం ఎదుట పెట్టినవి మాత్రమే సరిపోవు. పై అరలో, మధ్య అరలో, కింది అరలో మూడు చోట్లా పెట్టండి. కాల్పు నడుస్తున్నప్పుడు అవి కనిపించవు, పరవాలేదు. తెరిచాక మాట్లాడతాయి. పైన 6 నిండా వంగి, కింద 5 కూడా సగమే వంగి ఉండొచ్చు. అలాంటి బట్టీలో "నేను 6 కాల్చాను" అంటే ఏ అరలో కాల్చినట్టు? మీ బట్టీలో చల్లటి మూల ఏదో తెలిస్తే, కొంచెం తక్కువ వేడికి పండే గ్లేజ్ ఉన్న కుండల్ని అక్కడ పెడతారు. ఎవరి బట్టీ గుణం వారికి తెలియాలి. ఆ గుణం నేర్పేవి ఈ కోన్‌లే.

చూడటం గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. ఉత్త కళ్లతో బట్టీలోకి చూడకండి. ఆ తెల్లటి వెలుగుతో పాటు ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు వస్తాయి. ఏళ్ల తరబడి అలా చూస్తే కంటిలోపలి కటకం దెబ్బతింటుంది. వెల్డింగ్ పనివాళ్లు వాడేలాంటి, ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే అద్దాలు పెట్టుకోండి. మామూలు చలువ కళ్లద్దాలు దీనికి పనికిరావు. ముఖం కన్నం దగ్గరికి తీసుకెళ్లకండి. గ్యాస్ బట్టీలో రిడక్షన్ (గాలి తగ్గించి కాల్చడం) నడుస్తుంటే కన్నంలోంచి మంట నాలుకలు బయటికొస్తాయి. దూరంగా నిలబడి, పక్క నుంచి మెల్లగా ముందుకు వచ్చి చూడండి. జుట్టు ముడి వేసుకోండి.

బాగా వేడెక్కాక అంతా ఒకే తెలుపు. కోన్ ఏది, గోడ ఏది తెలియదు. అప్పుడేం చేయాలి? బలమైన టార్చి లైటు కన్నంలోకి వేస్తే కోన్ అంచులు తేలతాయి. అంతకంటే మంచిది ముందు చూపు. బట్టీ నింపేటప్పుడే మూత పెట్టాక కన్నంలోంచి ఒకసారి చూసి, కోన్‌లు ఎక్కడ కనిపిస్తున్నాయో, ఏది ఏ వైపు ఉందో చిన్న బొమ్మ గీసుకోండి. చల్లగా ఉన్నప్పుడే కనిపించనిది వేడిలో ఏం కనిపిస్తుంది?

కోన్ వంగడం మొదలయ్యాక పూర్తిగా వంగడానికి సుమారు 15 నుంచి 25 నిమిషాలు పడుతుంది. మొదట చాలా మెల్లగా, తర్వాత వేగంగా వాలుతుంది. కొన కదలడం చూసి "ఇంకా చాలా టైం ఉంది" అని ఇంకో పనికి వెళ్లిపోకండి. 5 వంగిందంటే అక్కడే కూర్చోండి.

కొంతమంది చివర్లో వేడిని అలాగే నిలిపి ఉంచుతారు, సోక్ అంటాం. గ్లేజ్‌లో బుడగలు పోవడానికి, పై కింది అరలు సమానం కావడానికి అది మంచి పద్ధతి. కానీ ఆ సేపంతా మట్టి మీద పని జరుగుతూనే ఉంటుంది. మోటు లెక్క ఒకటి గుర్తుపెట్టుకోండి. ఒకటి రెండు గంటలు నిలిపితే తర్వాతి నంబర్ కోన్ కూడా వంగిపోతుంది. 6 పూర్తిగా వంగాక ఇంకో గంట సోక్ పెడితే మీరు కాల్చింది 6 కాదు, 7. మరి సోక్ కావాలంటే? ముందే ఆగాలి. ఇంకొంచెం తక్కువ వేడి దగ్గర ఆపి అక్కడ నిలిపి, ఆ సమయంలో 6 వంగేలా చూసుకోవాలి. మీటరు అంకె తగ్గిందని భయపడకండి, కోన్ వంగిందా లేదా చూడండి.

కోన్‌లు ఎప్పుడైనా తప్పు చెబుతాయా? చెబుతాయి, కారణాలూ తెలిసినవే. మరీ వేగంగా వేడెక్కిస్తే కోన్ ఉబ్బుతుంది. గంధకం పొగలు తగిలితే పైన గట్టి పెంకు కట్టి, లోపల మెత్తబడినా బయట నిలబడే ఉంటుంది. 010 నుంచి 3 వరకు ఉన్న మామూలు కోన్‌లలో ఇనుము ఉంటుంది. రిడక్షన్‌లో ఆ ఇనుము గుణం మారి కోన్ తేడాగా వంగుతుంది. అందుకే ఆ నంబర్లలో ఇనుము లేని కోన్‌లు విడిగా చేస్తారు, రిడక్షన్‌కి అవే వాడాలి. ఇక పాతబడితే చెడిపోతాయా అంటే, పొడిగా ఉంచితే చెడిపోవు. కానీ ఒకసారి బట్టీలోకి వెళ్లి వంగకుండా బయటికొచ్చిన కోన్‌ని మళ్లీ వాడొద్దు. చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది, లోపల పని మొదలైపోయి ఉంటుంది.

ఇంతసేపూ కోన్‌ని పొగిడాను కదా, కోన్ చెప్పలేనివి కూడా చెప్పాలి. చల్లారడం గురించి కోన్‌కి ఏమీ తెలియదు. పెద్ద బట్టీ మెల్లగా చల్లారుతుంది, గ్లేజ్‌లో స్ఫటికాలు పెరిగి మెరుపు లేని మ్యాట్‌గా మారుతుంది. చిన్న బట్టీ చకచకా చల్లారి అదే గ్లేజ్ మెరుస్తుంది. రెండిట్లోనూ కోన్ ఒకేలా వంగి ఉంటుంది. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ ఒక్కసారిగా పరిమాణం మారుతుంది. అక్కడ తొందరపడితే కుండ చీలుతుంది, కోన్ ఆ సంగతీ చెప్పదు. బిస్క్ కాల్పులో మట్టిలోని కార్బన్ కాలిపోవడానికి గాలి, సమయం కావాలి. తొందరగా ఎక్కిస్తే 04 చక్కగా వంగుతుంది, దళసరి కుండ నడుమ మాత్రం నల్లగా ఉండిపోతుంది. ఆ తర్వాత గ్లేజ్ కాల్పులో ఆ కుండ ఉబ్బుతుంది. అందుకే కోన్‌తో పాటు మీటరు కూడా ఉండాలంటాను. ఎంత వేగంగా ఎక్కుతోంది, ఎంత వేగంగా దిగుతోంది అనేది మీటరు పని. కాలిందా లేదా అనేది కోన్ పని.

ఈ మధ్య అందరి దగ్గరా కంట్రోలర్లు ఉన్నాయి. "6 కోన్" అని బటన్ నొక్కితే అదే చూసుకుంటుంది కదా అంటారు. ఆ పెట్టె లోపల కోన్ లేదండి. థర్మోకపుల్ అనే తీగ కొన దగ్గర ఎంత వేడి ఉందో చదివి, వేగాన్నిబట్టి లెక్క వేసి, ఇప్పుడు 6 వంగి ఉంటుందని ఊహిస్తుంది. ఆ ఊహ మంచిదే. కానీ ఆ తీగ కాలం గడిచే కొద్దీ పాడవుతుంది. మనలో చాలామంది వాడే కె రకం థర్మోకపుల్ పాతబడే కొద్దీ ఉన్న వేడి కంటే తక్కువ చూపించడం మొదలుపెడుతుంది. అప్పుడేమవుతుంది? పెట్టె ఇంకా చేరలేదనుకుని ఎక్కిస్తూనే ఉంటుంది, కుండలు ఎక్కువ కాలిపోతాయి. ఇది ఒక్కరోజులో జరగదు, కొద్దికొద్దిగా జరుగుతుంది కాబట్టి పట్టుకోవడం కష్టం. గ్లేజ్ ఈమధ్య ఎందుకో కారుతోందని గ్లేజ్‌ని తిడతాం. ప్రతి కాల్పులోనూ కోన్‌లు పెట్టి, ఆ పీఠాలని తేదీ రాసి దాచుకునేవారికి మాత్రం 7 కోన్ కాల్పు కాల్పుకీ కొంచెం కొంచెం ఎక్కువ వాలడం కళ్లముందే కనిపిస్తుంది.

పాత పద్ధతి కిల్న్ సిట్టర్ వాడేవారు కూడా ఇక్కడ ఉన్నారు. చిన్న కోన్‌ని అడ్డంగా పెడతాం, దాని మీద ఒక కడ్డీ ఆనుతుంది, కోన్ వంగగానే మీట పడి కరెంటు ఆగుతుంది. చాలా మంచి సాధనం. కానీ అది గోడ దగ్గర ఉన్న వేడినే చూస్తుంది, కడ్డీ తుప్పు పట్టి బిగుసుకుంటే పడదు కూడా. దానితో పాటు టైమర్ ఉంటే తప్పకుండా పెట్టుకోండి. ఆగే సమయానికి మీరు దగ్గర ఉండండి.

కొన్న మట్టి సంచి మీద "6 కోన్" అని రాసి ఉంటుంది. దాన్ని గుడ్డిగా నమ్మాలా? మీరే పరీక్షించుకోవచ్చు. అదే మట్టితో చిన్న చిన్న పట్టీలు చేయండి. కొన్ని 5కి, కొన్ని 6కి, కొన్ని 7కి కాల్చండి, గ్లేజ్ వేయకుండా. కాల్చిన పట్టీని పొడిగా తూచండి. అయిదు గంటలు నీళ్లలో మరగించి, ఇరవై నాలుగు గంటలు అదే నీళ్లలో వదిలేయండి. తీసి పైతడి తుడిచి మళ్లీ తూచండి. పెరిగిన బరువు అసలు బరువులో ఎంత శాతమో, అంత నీరు తాగినట్టు. ఏ కోన్ దగ్గర నీరు పీల్చడం బాగా తగ్గింది, ఏ కోన్ దగ్గర పట్టీ ఉబ్బడం, వంగడం మొదలైంది, ఈ రెండూ తెలిస్తే మీ మట్టిని ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కాల్చవచ్చో తెలిసినట్టు. తినే, తాగే పాత్రలు చేసేవారు ఈ పరీక్ష మానకూడదు. నీళ్లు ఊరే కప్పు, సరిగ్గా కరగని గ్లేజ్ ఉన్న గిన్నె ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. ఈ మాట విషయంలో నేను రాజీపడను.

ఆఖరుగా, తెరిచాక ఏం చేయాలి? మూడు అరల్లోని పీఠాలూ వరుసగా పెట్టి చూడండి. అన్ని చోట్లా ఒకేలా ఎక్కువ వంగి ఉంటే బట్టీ సమంగానే కాలుతోంది, ఆపే చోటు మాత్రం దాటిపోతోంది. కంట్రోలర్‌లో సవరణ పెట్టుకునే వీలుంటుంది, కొన్ని డిగ్రీలు తగ్గించండి. అన్నీ తక్కువ వంగి ఉంటే పెంచండి. పైన ఎక్కువ, కింద తక్కువ ఉంటే ఆ సవరణ పనికిరాదు. ఏం చేస్తారు? చివరి వంద డిగ్రీలు ఇంకా నెమ్మదిగా ఎక్కించండి, లేదా ముందే ఆపి కాసేపు నిలపండి, లేదా చల్లగా ఉండే అరలో కుండల్ని పలచగా సర్దండి. మూడూ ఒకేసారి మార్చకండి. ఒకటి మార్చి, మళ్లీ మూడు అరల్లోనూ కోన్‌లు పెట్టి కాల్చి చూడండి. మూడూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో మీకెలా తెలుస్తుంది? ఆ పీఠం అడుగున తేదీ, ఏ అర, ఎంత వేగం, ఎంతసేపు నిలిపారు, అంతా పెన్సిల్‌తో కాదు, చెరగని మార్కర్‌తో రాయండి. ఇక ప్రశ్నలు ఉంటే అడగండి.